గీతకు ఆవలి ఇల్లు: నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాల గృహవ్యయ భారంపై చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాల నడుమ దూరం నలభై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. రెండూ కుందూ పరీవాహక ప్రాంతంలోనివే. రెండు తాలూకాల పొలాలకూ కర్నూలు–కడప కాలువ నీరు పారింది. ఒకే జాతీయ రహదారి రెంటినీ కలుపుతుంది. 2022 ఏప్రిల్ 4 వరకు రెండూ కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ తేదీ నుంచి నంద్యాల కొత్త జిల్లాకు కేంద్రమైంది, ఆళ్ళగడ్డ ఆ జిల్లాలో ఒక చిన్న పట్టణంగా మిగిలింది. ఇంత దగ్గరి ఊళ్ళలో ఒక కుటుంబం తల దాచుకోవడానికి మోసే భారం ఒకేలా ఉండదు. ఎందుకు ఉండదన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు తేలికైనది: నంద్యాల పెద్దది, అక్కడ అద్దెలు ఎక్కువ; ఆళ్ళగడ్డ చిన్నది, అక్కడ అద్దెలు తక్కువ.

ఈ జవాబు అబద్ధం కాదు గాని అసంపూర్ణం. అద్దె ఎంత అన్నది ధర. ఆదాయంలో ఎన్నో వంతు అన్నది భారం. ధర తక్కువైన చోట ఆదాయం అంతకంటే తక్కువైతే భారం పెరుగుతుంది. దీనికి తోడు, ఈ భారాన్ని కొలవడానికీ తగ్గించడానికీ ప్రభుత్వాలు ఎనభై ఏళ్ళుగా కొన్ని గీతలు గీస్తూ వచ్చాయి. పురపాలక సంఘం ఉన్న ఊరు, లేని ఊరు, యాభై వేల జనాభా దాటిన ఊరు, దాటనిది, పట్టణం, గ్రామం. ఈ గీతలు ఉన్న తేడాలను నమోదు చేయడంతో ఆగలేదు, కొత్త తేడాలను పుట్టించాయి కూడా. ఆళ్ళగడ్డ ఒక గీత ప్రకారం పల్లెల సరసన, మరో గీత ప్రకారం పట్టణాల సరసన చేరింది. రెండు సందర్భాల్లోనూ తక్కువ దక్కే వైపే పడింది. ఆ క్రమాన్ని కాలానుసారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భారానికి కొలత

ఇంటి ఖర్చును ఆదాయంతో పోల్చి చూడడం పందొమ్మిదో శతాబ్దపు జర్మనీలో మొదలైంది. 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ కుటుంబ ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండి ఖర్చు వాటా తగ్గుతుందని చూపాడు. 1868లో హెర్మన్ ష్వాబే బెర్లిన్ నగరంలోని ప్రభుత్వోద్యోగుల జీతాలను, వారు చెల్లించే అద్దెలను పరిశీలించి, కుటుంబం ఎంత పేదదైతే ఆదాయంలో అద్దె వాటా అంత ఎక్కువని తేల్చాడు. ష్వాబేకు లెక్కలు దొరికింది ఉద్యోగుల దగ్గర అన్న సంగతి గమనించదగినది. జీతం తెలిసిన వాడి భారమే కొలతకు అందుతుంది. ఈ పరిమితి నంద్యాల దాకా వచ్చింది.

అమెరికాలో 1969నాటి బ్రూక్ సవరణ ప్రభుత్వ గృహాలలో నివసించే వారి అద్దెకు ఆదాయంలో 25 శాతం హద్దు పెట్టింది. 1981లో ఆ హద్దు 30 శాతమైంది. భారతదేశంలో దీపక్ పరేఖ్ అధ్యక్షతన ఏర్పడిన కార్యదళం 2008లో అద్దె గాని, నెలసరి వాయిదా గాని కుటుంబ ఆదాయంలో 30 నుంచి 40 శాతం దాటకూడదని సూచించింది. నెల నెలా స్థిరంగా జీతం వచ్చే ఇంటికి ఈ సూత్రం బాగానే అతుకుతుంది. సాగు పనుల కాలంలో చేతినిండా కూలి, ఎండాకాలంలో ఖాళీ అన్నట్టు సాగే ఇంట్లో ఏ నెల ఆదాయాన్ని హారంగా తీసుకోవాలో సూత్రం చెప్పదు.

గణాంక వ్యవస్థ సంగతి ఇంకా విచిత్రం. 2012 ఆధార సంవత్సరంగా రూపొందిన వినియోగదారుల ధరల సూచీలో పట్టణ కుటుంబాల ఖర్చులో గృహవసతి భారం 21.67 శాతం. ఆ శ్రేణి గ్రామీణ సూచీలో ఆ పద్దే ఉండలేదు. గ్రామాల్లో అద్దె ఇళ్ళు లెక్కకు రానంత తక్కువన్న భావన దీనికి ఆధారం. 2011 జనాభా లెక్కలు దేశంలో గ్రామీణ కుటుంబాలలో 94.7 శాతం సొంత ఇళ్ళలో ఉన్నాయనీ, పట్టణాలలో 27.5 శాతం అద్దె ఇళ్ళలో ఉన్నాయనీ చెప్పాయి. సగటుగా చూస్తే భావన తప్పు కాదు. కాని సొంత ఇల్లు ఉండడం వేరు, ఇంటి ఖర్చు లేకపోవడం వేరు. ఏటా కప్పు మీద మట్టి వేయించుకునే ఇంటికి, వర్షానికి కూలిన గోడ తిరిగి కట్టుకునే ఇంటికి అద్దె ఉండదు, ఖర్చు ఉంటుంది. పారిశ్రామిక కార్మికుల కోసం లెక్కగట్టే సూచీ కూడా ఈ ప్రాంతానికి అక్కరకు రాలేదు. 2001 ఆధార సంవత్సరపు శ్రేణిలో ఉమ్మడి రాష్ట్రం నుంచి హైదరాబాదు, గుంటూరు, విజయవాడ, విశాఖపట్నం, వరంగల్లు, గోదావరిఖని కేంద్రాలుగా ఉన్నాయి. రాయలసీమ నుంచి ఒక్క కేంద్రమూ లేదు.

మట్టి మిద్దె నుంచి స్లాబు దాకా

అద్దెకు ముందు ఇల్లు. ఈ ప్రాంతంలో ఇంటి ఖర్చు చరిత్ర నేలలోంచి మొదలవుతుంది.

కుందూ లోయ నల్లరేగడి నేల. దాని కింద భూగర్భ శాస్త్రజ్ఞులు నంద్యాల పేరుతోనే పిలిచే పలకరాయి పొరలు, వాటి పరిసరాల్లో నార్జి సున్నపురాయి పొరలు ఉన్నాయి. ఈ సున్నపురాయే జనవ్యవహారంలో నాపరాయి. బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాలలో పలకలు పలకలుగా ఊడివచ్చే ఈ రాయి గోడకు, నేలకు, కప్పుకు, అరుగుకు, పశువుల తొట్టికి కూడా పనికివచ్చింది. ఇటుక కాల్చవలసిన అవసరం లేని చోట పేదవాడి గోడకు కూడా రాయి దొరకడం ఈ సీమ విశేషం. కోస్తా జిల్లాల్లో రాతిగోడ సంపన్నుల గుర్తు, ఇక్కడ కాదు.

కప్పు విషయంలో అంతరం స్పష్టంగా ఉండేది. కలిగినవారిది మిద్దె, లేనివారిది బోదకొట్టం. మిద్దె అంటే ఇక్కడ మేడ కాదు, చదునైన మట్టి కప్పు ఇల్లు. దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలు లేదా నాపబండలు పరిచి, పైన చౌడుమట్టి వేసి మెత్తుతారు. చౌడుమట్టి తడిస్తే బిగుసుకుని నీటిని లోపలికి దిగనివ్వదు. వానలకు ముందు పైమట్టి సరిచేసుకోవాలి. దూలానికి పనికివచ్చే కలప నల్లమల అంచు గ్రామాలకు దగ్గర, కుందూ మధ్య గ్రామాలకు దూరం. అంటే ఇంటి ఖర్చు అడవి నుంచి, క్వారీ నుంచి, చౌడునేల నుంచి ఉన్న దూరాన్ని బట్టి ఊరూరా మారేది. బండ్ల బాడుగే ఇంటి ఖర్చులో పెద్ద పద్దు. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాలలో గుంతకల్లు నుంచి బెజవాడ వైపు సాగిన మీటరుగేజి రైలుమార్గం నంద్యాలకు ఈ విషయంలో మేలు చేసింది. నాటి సిరివెళ్ళ తాలూకాలోని ఆళ్ళగడ్డకు రైలు రాలేదు. 2016లో ప్రారంభమైన నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం కూడా కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా వెళ్ళింది. ఆళ్ళగడ్డ ఇప్పటికీ బస్సులమీద, లారీలమీద బతికే ఊరు.

సిమెంటు, ఇనుము వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. మట్టి మిద్దెకు కావలసింది ఎక్కువగా మనుషుల శ్రమ. ఇరుగుపొరుగు, బంధువులు చేయివేస్తే డబ్బు రూపంలో పడే ఖర్చు తగ్గేది. స్లాబుకు ప్రతి బస్తాకూ రొక్కం కావాలి. సిమెంటు ధర నంద్యాలలోను, ఆళ్ళగడ్డలోను దాదాపు ఒకటే. రోజు కూలి, చిన్న వ్యాపారి రాబడి ఒకటి కావు. ఇల్లు కట్టే ఖర్చు ప్రాంతాల మధ్య సమానమవుతున్న కొద్దీ కట్టగల శక్తిలోని తేడా బయటపడింది. దీనికి నల్లరేగడి తన వంతు కలిపింది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే ఆ నేలలో పునాది లోతుగా తీయాలి, తీసిన గుంత గరుసుతోనో ఇసుకతోనో నింపాలి. గోడ పైకి లేవకముందే డబ్బు భూమిలోకి పోతుంది. మట్టి మిద్దె నెర్రె విడిస్తే మట్టితో పూడ్చుకోవచ్చు. ఇటుక గోడ నెర్రె విడిస్తే ఆ మరమ్మతు వేరు. పల్లపు ప్రాంతాలకు వరద ముప్పు అదనం. 2019 సెప్టెంబరులో మహానంది ఆలయాన్ని ముంచెత్తిన వానలకు కుందూ, దాని ఉపనదులు పొంగి నంద్యాల పరిసరాలనూ తాకాయి. చౌకగా దొరికే స్థలం తరచూ వాగు పక్క స్థలమే కావడం పేద కుటుంబం ఇంటి ఖర్చును వాయిదా వేస్తుంది తప్ప తగ్గించదు.

పురపాలక గీత

నంద్యాలకు 1899లోనే పురపాలక సంఘం ఏర్పడింది. ఆ తేదీకి గృహవ్యయ చరిత్రలో కేవలం పాలనాపరమైన ప్రాధాన్యం మాత్రమే కాదు. పురపాలక సంఘం ఉంటే ఇంటిపన్ను ఉంటుంది. ఇంటిపన్నుకు వార్షిక అద్దె విలువ ప్రాతిపదిక. అద్దె విలువ నిర్ణయించాలంటే వీధులవారీగా ఇళ్ళను నమోదు చేయాలి. అందువల్ల నంద్యాల ఇళ్ళకు రాతపూర్వకమైన అద్దె చరిత్ర ఒకటి ఏర్పడింది. 1990నాటి పన్ను మదింపు నియమాలు పట్టణాన్ని మండలాలుగా విభజించి, ఒక్కో మండలంలో నిర్మాణ రకాన్ని బట్టి అద్దె విలువ కట్టమన్నాయి. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రం అద్దె విలువను వదిలి మూలధన విలువను ప్రాతిపదికగా తీసుకుంది. పన్ను చెల్లించేవారి దృష్టిలో ఇది భారం పెరగడం; చరిత్రకారుడి దృష్టిలో, ఒక పట్టణంలోని అద్దెలను ఏడాదికేడాదికి పోల్చగల ఆధార పత్రాల పరంపర తెగిపోవడం. ఈ రెండో నష్టం గురించి ఎవరూ మాట్లాడలేదు.

అద్దె నియంత్రణ రెండో ప్రపంచ యుద్ధకాలపు సంతానం. భారత రక్షణ నిబంధనల కింద మద్రాసు ప్రభుత్వం 1941లో గృహ అద్దె నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. యుద్ధం ముగిసినా ఇళ్ళ కొరత ముగియలేదు గనుక 1946లో, మళ్ళీ 1949లో చట్టాలు వచ్చాయి. ఆంధ్ర ప్రాంతంలో 1949 చట్టమే కొనసాగి, 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, ఖాళీ చేయించు) నియంత్రణ చట్టానికి చోటిచ్చింది. ఈ చట్టం హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకు, రాష్ట్రంలోని అన్ని పురపాలక సంఘాలకు వర్తించింది. ఇతర ప్రాంతాలకు వర్తింపజేయాలంటే ప్రత్యేక ప్రకటన కావాలి. నంద్యాల గీతకు లోపల, పంచాయతీగా ఉన్న ఆళ్ళగడ్డ గీతకు వెలుపల.

గీత లోపల ఉన్నవారికి దక్కింది ఎంత? న్యాయమైన అద్దెను నిర్ణయించడానికి చట్టం 1944 ఏప్రిల్ 5కు ముందటి పన్నెండు నెలల్లో ఆ ప్రాంతంలో నడిచిన అద్దెలను ఒక ప్రాతిపదికగా తీసుకోమంది. అదే చట్టం ఇల్లు ఖాళీ అయిన పది రోజుల్లో యజమాని అధికారికి తెలియజేయాలనీ, ప్రభుత్వ అవసరానికి, ప్రభుత్వోద్యోగి నివాసానికి ఆ ఇంటిని కేటాయించవచ్చుననీ చెప్పింది. అంటే నియంత్రణలోని మొదటి ఫలం ఉద్యోగిది. 1983 డిసెంబరు నాటి ప్రభుత్వ ఉత్తర్వు నెలకు వెయ్యి రూపాయలు దాటిన అద్దె ఇళ్ళను, పదేళ్ళలోపు కట్టిన భవనాలను చట్టం నుంచి మినహాయించింది. 2005 సవరణ ఆ హద్దును నగరపాలక సంస్థల్లో 3,500 రూపాయలకు, ఇతర చోట్ల 2,000 రూపాయలకు మార్చి, కొత్త భవనాల మినహాయింపును పదిహేనేళ్ళకు పెంచింది. నంద్యాల ‘ఇతర చోట్ల’ జాబితాలోకి వచ్చింది. కర్నూలు నగరంలో 3,000 రూపాయల అద్దె చెల్లించే పాత ఇంటి కిరాయిదారుకు చట్టం ఉండేది. నంద్యాలలో అంతే చెల్లించేవాడికి ఉండేది కాదు. చిన్న పట్టణంలో అద్దెలు తక్కువ గనుక హద్దూ తక్కువ ఉండాలన్నది దీని వెనుక తర్కం. రూపాయి విలువ పడిపోతున్నా హద్దు కదలకపోవడంతో రక్షణ ముందుగా కరిగిపోయింది చిన్న పట్టణాల్లోనే. 2017లో శాసనసభ ఆమోదించిన నివాస, నివాసేతర ఆవరణల కౌలు చట్టం అద్దె మొత్తాన్ని ఇరుపక్షాల ఒప్పందానికి వదిలేసింది. లిఖితపూర్వక ఒప్పందం దాని పునాది. నోటిమాట మీద ఇళ్ళు చేతులు మారే ఊళ్ళకు ఆ పునాది ఎంత పనికివస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

భోగ్యం

అద్దె లెక్కల్లోకి రాని ఒక పద్ధతిని ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించాలి. రాయలసీమ పట్టణాల్లో ఇల్లు అద్దెకు తీసుకోవడంతో పాటు భోగ్యానికి తీసుకోవడం ఉంది. ఇంట్లో చేరేవారు యజమానికి ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు. గడువు తీరేదాకా అద్దె ఉండదు, ఇచ్చిన సొమ్ముకు వడ్డీ ఉండదు. గడువు తీరాక సొమ్ము తిరిగి వస్తుంది. 1882నాటి ఆస్తి బదలాయింపు చట్టం గుర్తించిన తాకట్టు రకాలలో ఇదొకటి. రెండు వైపులా అవసరం ఉంటేనే ఇది నడుస్తుంది: కూతురి పెళ్ళికో, పంట పెట్టుబడికో రొక్కం కావలసిన యజమాని ఒకవైపు, నెల నెలా అద్దె కట్టే బాధ తప్పించుకోవాలనుకునే కుటుంబం మరోవైపు.

పైకి ఇది అద్దె లేని కాపురం. ఆ మొత్తం అప్పు తెచ్చిందైతే లెక్క వేరు. ఉదాహరణకు మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి భోగ్యానికి పెడితే నెలకు వడ్డీ ఆరు వేలు. ఆ కుటుంబం చెల్లించే అసలు అద్దె అదే. తీసుకునేది ఇంటి యజమాని కాదు, వడ్డీ వ్యాపారి. సొంత పొదుపును పెట్టిన కుటుంబానికి భారం అంత కనిపించదు, ఆ సొమ్ము మీద రావలసిన రాబడి పోవడం తప్ప. కాబట్టి పక్కపక్క వాటాల్లో, ఒకే మొత్తానికి ఉన్న రెండు కుటుంబాల గృహవ్యయ భారం పూర్తిగా వేరుగా ఉండవచ్చు. జనాభా లెక్కల పత్రంలో ఇంటి హక్కుకు ఉన్న గడులు మూడే: సొంతం, అద్దె, ఇతరం. భోగ్యపు ఇంటిని ‘ఇతరం’లో రాసినా, ‘అద్దె’లో రాసినా అందులోని వడ్డీ ఏ పట్టికలోనూ తేలదు. యజమాని సొమ్ము తిరిగి ఇవ్వలేకపోతే కుటుంబం ఇల్లు మారలేదు, పని దొరికిన ఊరికి వెళ్ళలేదు. ఆ ఇరుకును రూపాయల్లో కొలవడం కష్టం.

భత్యం గీసిన మెట్లు

ఊరిని బట్టి ఇంటి ఖర్చు మారుతుందని ప్రభుత్వం బహిరంగంగా ఒప్పుకునే ఏకైక సందర్భం ఉద్యోగులకిచ్చే ఇంటి అద్దె భత్యం. వేతన సవరణ సంఘాల నివేదికలు కేవలం ఉద్యోగుల వ్యవహారంగా పక్కన పెట్టదగినవి కావు. ఏ ఊళ్ళో బతకడం ఎంత ఖరీదని రాజ్యం భావించిందో తెలిపే ఆధారాలు అవి. ఉమ్మడి రాష్ట్రపు చివరి వేతన సవరణలలో మూల వేతనంపై 12, 14.5, 20, 30 శాతాల మెట్లు ఉండేవి. యాభై వేలలోపు జనాభా గల ఊళ్ళు అన్నిటికంటే కింది మెట్టు, రాజధాని పై మెట్టు.

2022 జనవరి 17 నాటి ఉత్తర్వులు ఈ మెట్లను కేంద్రప్రభుత్వ పద్ధతికి మార్చాయి. అయిదు లక్షలలోపు జనాభా గల ఊళ్ళన్నిటికీ 8 శాతం, అయిదు నుంచి యాభై లక్షల వరకు 16 శాతం, ఆపైన 24 శాతం. నంద్యాల, ఆళ్ళగడ్డ ఒకే మెట్టు మీదికి వచ్చాయి. చదునుగా చూస్తే అది సమానత్వమే. అందరికీ కోత పడిన సమానత్వం. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ పేరుతో ఉద్యోగులు, ఉపాధ్యాయులు వేల సంఖ్యలో రోడ్డెక్కారు. ఫిబ్రవరి 5నాటి చర్చల తరువాత మెట్లు మారాయి: యాభై వేలలోపు జనాభాకు 10 శాతం, గరిష్ఠంగా 11,000 రూపాయలు, యాభై వేల నుంచి రెండు లక్షల వరకు 12 శాతం, 13,000 రూపాయలు, రెండు లక్షలు దాటితే 16 శాతం, 17,000 రూపాయలు. మూడు వారాల సమానత్వం అంతటితో ముగిసింది.

2011 జనాభా లెక్కల్లో నంద్యాల జనాభా రెండు లక్షలకు కాస్త పైన. ఆ కాస్తే 12 శాతానికీ 16 శాతానికీ మధ్య ఉన్న తేడా. ఆళ్ళగడ్డ యాభై వేలకు చాలా దిగువ. 40,000 రూపాయల మూల వేతనం గల ఇద్దరు ఉపాధ్యాయులలో నంద్యాలలో పనిచేసే వారికి నెలకు 6,400, ఆళ్ళగడ్డలో పనిచేసే వారికి 4,000 రూపాయలు. తేడా 2,400. ఆళ్ళగడ్డలో అదే రకం ఇల్లు అంతకంటే చౌకైతే ఉద్యోగికి నష్టం లేదు. అయితే చిన్న పట్టణంలో అద్దెకు దొరికే ఇళ్ళ సంఖ్య తక్కువ, రకాలూ తక్కువ. మంచి నీరు, విడి వాకిలి, పిల్లల బడికి దగ్గర అన్న షరతులు పెట్టుకునేసరికి చౌకదనం చాలావరకు ఆవిరైపోతుంది.

మరో నియమం ఈ గీతను సాగదీసింది. పట్టణ పరిధి నుంచి 8 కిలోమీటర్లలోపు ఊళ్ళలో పనిచేసే ఉద్యోగికి ఆ పట్టణపు భత్యం వర్తిస్తుంది. ఆ కిలోమీటర్లు ఎక్కడి నుంచి, ఏ దారి వెంట కొలవాలన్న వివాదాలు ఉపాధ్యాయ సంఘాలకు కొత్తవి కావు. నంద్యాల చుట్టుపక్కల పల్లెలో పనిచేసే ఉద్యోగి నంద్యాల మెట్టు ఎక్కుతాడు; నియోజకవర్గ కేంద్రంగా, పురపాలనగల పట్టణంగా ఉన్న ఆళ్ళగడ్డ ఉద్యోగి ఎక్కలేడు. ఇదంతా ఉద్యోగుల సంగతి. ఇంటి యజమాని అద్దె నిర్ణయించేటప్పుడు ఉద్యోగి చెల్లించగలిగిన మొత్తాన్నే చూస్తాడు. భత్యం లేని బట్టల కొట్టు గుమాస్తా, ఆటో నడిపేవాడు అదే వీధిలో, అదే అద్దెకు పోటీ పడాలి. భత్యం ఒకరి భారాన్ని తగ్గిస్తూనే పొరుగువారి భారాన్ని పెంచే అవకాశం ఉంది.

సెంటు, సెంటున్నర

భత్యం విషయంలో పల్లెల సరసన నిలిచిన ఆళ్ళగడ్డ, ఇళ్ళ స్థలాల విషయంలో పట్టణమైంది. 2014 మార్చిలో జరిగిన పురపాలక ఎన్నికల నాటికే అది నగర పంచాయతి. 2020 డిసెంబరు 25న ప్రారంభమైన ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్ళు’ పథకంలో గ్రామాల్లో ఒక్కో కుటుంబానికి ఒకటిన్నర సెంటు, పట్టణాల్లో ఒక సెంటు స్థలం నిర్ణయించారు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఒకటిన్నర సెంటు 72.6. పంచాయతీగా మిగిలి ఉంటే దక్కే స్థలంలో మూడో వంతు, పట్టణం అన్న పేరుతో తగ్గింది. నంద్యాలలో భూమి ధర దృష్ట్యా సెంటు నిర్ణయానికి ఒక సమర్థన ఉండవచ్చు. ఆళ్ళగడ్డకు అదే సమర్థన అంతగా అతకదు. 2025లో ప్రభుత్వం ఈ పరిమాణాలను పట్టణాల్లో రెండు, గ్రామాల్లో మూడు సెంట్లుగా పెంచింది. స్థలం పెరిగింది, రెంటి నిష్పత్తి మాత్రం అదే.

ఆళ్ళగడ్డలో ఈ గజాల లెక్కకు ప్రత్యేకమైన అర్థం ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన రాతి శిల్పకళకు ఆ పట్టణం నెలవు. శిల్పికి ఇల్లు, పనిచోటు వేరువేరు కావు. బండలు దించుకోవడానికి ఖాళీ స్థలం, విగ్రహాన్ని పడుకోబెట్టి చెక్కడానికి పందిరి, లారీ వచ్చే వీలు కావాలి. ఉలి చప్పుడు, రాతి దుమ్ము ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించనంత దూరం కావాలి. సెంటు స్థలంలో ఇల్లు లేస్తుంది, పని లేవదు. పనికోసం వేరే స్థలం బాడుగకు తీసుకుంటే అది వ్యాపార ఖర్చుగా నమోదవుతుంది గాని, ఆ కుటుంబానికి అది ఇంటి ఖర్చులో భాగమే. నేత పనివారి గుంత మగ్గానికి ఇంట్లో చోటు లేకపోవడం గురించి తెలుగునాట చర్చ జరిగింది. శిల్పుల వాకిలి గురించి అంతగా జరగలేదు.

2020నాటి పథకంలో ఇంటి యూనిట్ విలువ రాష్ట్రమంతటా 1.80 లక్షల రూపాయలుగా ఉండేది. పైన స్వయం సహాయక బృందాల ద్వారా పావలా వడ్డీకి 35,000 రూపాయల రుణం. పట్టణాలకు కేంద్రం ఇచ్చే సాయం గ్రామాలకిచ్చే దానికంటే ఎక్కువైనా, మొత్తం విలువ ఒక్కటే గనుక పట్టణ హోదా వల్ల లబ్ధిదారుకు ఆ మేరకు ఒరిగిందేమీ లేదు. ఎర్రనేల పునాదికీ నల్లరేగడి పునాదికీ, క్వారీ పక్క ఊరికీ దూరపు ఊరికీ మధ్య ఈ లెక్క తేడా చూపదు. ఎనిమిది కిలోమీటర్ల దాకా సాగిన భత్యపు సూక్ష్మత ఇక్కడ మాయమైంది.

నంద్యాల పేదల కథ మరోలా నడిచింది. 2017 ఆగస్టు ఉప ఎన్నికలో ఇళ్ళు, రోడ్ల విస్తరణ ప్రధానాంశాలయ్యాయి. పట్టణ గృహనిర్మాణ సంస్థ టిడ్కో ఆధ్వర్యంలో బహుళ అంతస్తుల సముదాయాలు లేచాయి. రాష్ట్రవ్యాప్తంగా ఈ ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగుల పరిమాణాల్లో ఉన్నాయి. తరువాతి ప్రభుత్వం 300 అడుగుల ఇంటిని రూపాయికే ఇచ్చింది. 365 అడుగుల ఇంటికి 3.15 లక్షలు, 430 అడుగుల ఇంటికి 3.65 లక్షలు బ్యాంకు రుణం కొనసాగింది. ఇళ్ళ అప్పగింత ఆలస్యమైన పట్టణాలలో లబ్ధిదారులు ఉన్న ఇంటికి అద్దె, రాని ఇంటికి వాయిదా రెండూ చెల్లించవలసి వచ్చింది. భారం తగ్గించడానికి పుట్టిన పథకం కొంతకాలం రెట్టింపు భారమైంది.

జిల్లా కేంద్రం వచ్చాక

పరిపాలనా హోదా అద్దెలను ఎలా కదిలిస్తుందో ఈ ప్రాంతానికి కొత్త పాఠం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా మారిన కర్నూలులో కార్యాలయాలను, సిబ్బందిని గుడారాలలో ఉంచవలసి వచ్చింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. మూడేళ్ళలో పుట్టి మాయమైన ఆ గిరాకీని నమ్మి ఇల్లు కట్టినవారి సంగతి కర్నూలు చరిత్ర గ్రంథాలలో గుడారాల ప్రస్తావనంత తరచుగా కనిపించదు.

నంద్యాల పరిస్థితి అంత తాత్కాలికం కాదు. జిల్లా కార్యాలయాలకు తోడు, 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు మొదలయ్యాయి. ఆ కళాశాల కోసం 1906లో స్థాపించిన వ్యవసాయ పరిశోధనా కేంద్రం భూములను కేటాయించడంపై రైతుల నుంచి, శాస్త్రవేత్తల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. పట్టణం లోపల విశాలమైన ఖాళీ భూమి ఎంత అరుదైందో ఆ వివాదం చూపింది. బ్యాంకు ఉద్యోగాల శిక్షణ కోసం ఇతర జిల్లాల నుంచి వచ్చే యువత అంతకు చాలా ముందు నుంచే గదుల అద్దెలను నిలబెడుతూ ఉంది. గదికి నలుగురు పంచుకుని తలా ఒక మొత్తం చెల్లించే విద్యార్థులతో ఒకే జీతం మీద బతికే కుటుంబం పోటీ పడలేదు. యజమాని దృష్టిలో చదరపు అడుగుకు వచ్చే రాబడి విద్యార్థుల దగ్గరే ఎక్కువ.

ఈ ఒత్తిడికి కొన్ని కుటుంబాల దగ్గర ఉన్న జవాబు రహదారి. ఇల్లు ఆళ్ళగడ్డలోనో సిరివెళ్ళలోనో ఉంచుకుని నంద్యాలకు రోజూ వచ్చిపోవడం. అప్పుడు అద్దె తగ్గి బస్సు ఛార్జీ పెరుగుతుంది. రెండింటినీ కలిపి చూస్తే తప్ప భారం తెలియదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. నంద్యాలలో పనిచేసే స్త్రీ ఆళ్ళగడ్డలో ఉండడానికి అయ్యే ఖర్చు ఆ రోజుతో తగ్గింది, పురుషుడికి తగ్గలేదు. ఇంట్లో పనికి వెళ్ళేది ఎవరన్న దాన్ని బట్టి ఒకే వాటా ఇంటి భారం మారే పరిస్థితి వచ్చింది. ఆళ్ళగడ్డ అద్దెలు దీనికి ఎలా స్పందిస్తాయో తెలుసుకోవడానికి ఒకప్పుడు పురపాలక సంఘం వార్షిక అద్దె విలువల పట్టీ ఉండేది. మూలధన విలువ వచ్చిన తరువాత ఆ పట్టీ లేదు.